చీనీకాయల లెక్కతో నేర్చుకుందాం: పైథాన్‌లో డేటాని ఫైల్‌లోకి రాసేది ఎట్ల

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకునే పిల్లోళ్లు మా అనంతపురంలో ఇప్పుడు శానా మంది ఉండారు. లూపులు వస్తాయి, ఫంక్షన్లు వస్తాయి, ప్రింట్ కొట్టి స్క్రీన్ మీద చూసుకుంటారు, కానీ ప్రోగ్రాం ఆగిందంటే ఆ లెక్కంతా పోతాది, యాడా మిగల్దు. ఫైల్‌లోకి ఎక్కితేనే అది రేపటికి పనికొస్తాది, ఇంకొకరికి పంపియ్యడానికి పనికొస్తాది. ఫైల్‌కి రాసేది చూడ్డానికి ఒక్క లైన్ పనే, అయితే ఆ లైన్ కొట్టేముందు మూడు సంగతులు మనమే తేల్చుకోవల్ల: పాత ఫైల్ ఉంటే దాన్ని ఏం చేయల్ల, అక్షరాలు ఏ ఎన్‌కోడింగ్‌లో (అంటే అక్షరాలని బైట్లుగా మార్చే ఏ పద్ధతిలో) పోవల్ల, రాసింది నిజంగా డిస్క్ మీదికి చేరిందా లేదా. మనం చెప్పకపోతే పైథాన్ తన ఇష్టప్రకారం ఏదో ఒకటి పెట్టుకుంటాది, తెలుగులో లెక్క రాసేవాళ్లకి అది శానాసార్లు కొంప ముంచుతాది.

ఉదాహరణకి మన చీనీ (బత్తాయి) మార్కెట్ లెక్కే తీసుకుందాం. నార్పల, పుట్లూరు, యల్లనూరు, గార్లదిన్నె తట్టు నుంచి కాయ వస్తాది, టన్ను లెక్కన రేటు పలుకుతాది, సూటు (తరుగు) కింద కొంత తీస్తారు, మిగిలిన దానికి డబ్బు. అంటే మనం రాయాల్సినవి తేదీ, ఊరు, తూకం, సూటు, టన్ను రేటు, ఒక గమనిక. ఇక్కడ వాడే అంకెలు ఉత్తుత్తి అంకెలే, మార్కెట్ రేట్లు అనుకోవద్దండి. ఇంకో మాట, కోడ్‌ని ఇక్కడ నోటితో పలికినట్టు తెలుగు అక్షరాల్లోనే రాస్తాండా, మీరు ఎడిటర్‌లో కొట్టేటప్పుడు కీవర్డ్‌లు, ఫంక్షన్ పేర్లు, మోడ్ అక్షరాలు ఇంగ్లీష్‌లో కొట్టుకోండి, కొటేషన్ల మధ్యలో ఉండే ఊరి పేర్లు, గమనికలు మాత్రం తెలుగులోనే ఉండనీండి.

మొదటి ముక్క ఇది:

విత్ ఓపెన్("చీనీ.టిఎక్స్‌టి", "డబ్ల్యూ", ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8") యాజ్ ఎఫ్:
    ఎఫ్.రైట్("నార్పల 4200 కిలోలు\ఎన్")

ఓపెన్‌కి మొదట ఫైల్ పేరు, తర్వాత మోడ్ (ఫైల్‌ని ఏ పనికి తెరుస్తాండామో చెప్పే అక్షరం), తర్వాత ఎన్‌కోడింగ్. ఎఫ్ అనేది ఆ తెరిచిన ఫైల్‌కి మనం పెట్టుకున్న పేరు, ఏదైనా పెట్టుకోవచ్చు. చివర్లో ఉన్న ఆ \ఎన్ మర్చిపోవద్దు, ఎందుకంటే రైట్ తనంతట తాను కింది లైన్‌కి పోదు, పది సార్లు రైట్ అంటే పదీ ఒకే లైన్‌లో అతుక్కొని కూర్చుంటాయి. రైట్‌లైన్స్ అని ఒకటుంది, పేరు చూసి అది లైన్లు విడదీస్తాది అనుకుంటారు, అదీ విడదీయదు, లిస్ట్‌లో ఉన్నవి వరసగా పోస్తాది అంతే. లైన్ సంగతి మనకెందుకు అనుకుంటే ప్రింట్‌నే వాడుకోవచ్చు, ప్రింట్‌కి ఫైల్=ఎఫ్ అని ఇస్తే స్క్రీన్ మీద కొట్టాల్సింది ఫైల్‌లో కొడుతుంది, లైన్ కూడా అదే దిగుతాది. చిన్న పనులకి నాకు ఇదే శానా ఇష్టం.

రైట్‌కి స్ట్రింగ్ (కొటేషన్ల మధ్య ఉండే అక్షరాలు) ఒక్కటే ఇయ్యల్ల. 4200 అనే అంకెని నేరుగా ఇస్తే టైప్ ఎర్రర్ కొడుతుంది, ఎస్‌టిఆర్‌తో స్ట్రింగ్ చేసి ఇయ్యండి లేదా ఎఫ్ స్ట్రింగ్‌లో (కొటేషన్ ముందర ఎఫ్ పెట్టి రాసేది) పెట్టండి. తూకం గురించి ఒక సలహా, టన్నుల్లో 4.2 అని దాచకుండా కిలోల్లో 4200 అని పూర్ణాంకంగా దాచుకోండి. పైథాన్‌లో 0.1 కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తాది, అది పైథాన్ తప్పు కాదు, కంప్యూటర్ దశాంశాలని 0, 1 అనే రెండే అంకెల పద్ధతిలో దాచే తీరే అంత, కానీ అట్లాంటి అంకె రైతుకిచ్చే చీటీలో కనపడితే బాగుండదు కద. అట్లే 18,000 అని కామా పెట్టి ఫైల్‌లో రాయొద్దు, 18000 అనే రాయండి. కామా మనిషికి చూపియ్యడానికే, దాచిపెట్టేదానికి కాదు. పైగా ఎఫ్ స్ట్రింగ్‌లో కామా ఫార్మాట్ వాడితే అది మూడేసి అంకెలకి పెడుతుంది, పన్నెండు లక్షల యాభై వేలని 1,250,000 అని రాస్తాది, మన పద్ధతిలో 12,50,000 అని రాదు.

ఇంక మోడ్ సంగతి, దీంట్లోనే ఎక్కువ మంది దెబ్బ తింటారు. డబ్ల్యూ అంటే ఫైల్ లేకపోతే కొత్తది చేస్తాది, ఉంటే లోపల ఉండేదంతా తుడిచేస్తాది. ఎప్పుడు తుడుస్తాది అంటే, మనం రైట్ అన్నప్పుడు కాదు, ఓపెన్ అన్న క్షణంలోనే. అంటే ఓపెన్ అయినాక మీ కోడ్‌లో ఇంకేదో ఎర్రర్ వచ్చి ఆగిపోయినా పాత డేటా అప్పటికే పోయింటాది, కొత్తది ఎక్కలేదు, ఫైల్ సున్నా బైట్లు. సీజన్ మొత్తం లెక్క ఉన్న ఫైల్‌ని ఒక్క అక్షరంతో పోగొట్టుకోవచ్చు, రీసైకిల్ బిన్‌లో కూడా దొరకదు. రోజూ కొత్త లైన్ చేర్చే పని అయితే "ఏ" అనే మోడ్, అంటే అపెండ్, వాడల్ల. అది పాతదాన్ని ముట్టుకోదు, ఎప్పుడూ చివర్లోనే చేరుస్తాది, ఫైల్ లేకపోతే కొత్తది చేసుకుంటాది. ఇంక ఎక్స్ అనే మోడ్ ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు గానీ పైథాన్ 3.3 నుంచి ఉంది. ఫైల్ ముందే ఉంటే ఫైల్ ఎగ్జిస్ట్స్ ఎర్రర్ అని చెప్పి ఆగిపోతాది, ముట్టుకోదు. నెలకొక కొత్త ఫైల్ చేసేవాళ్లకి ఇది మంచి కాపలా, పోయిన నెల ఫైల్ పేరే పొరపాటున ఇచ్చినా ఏం పోదు. నా మాట వినేపనైతే, ఆలోచించకుండా చేతికి అలవాటు కావాల్సింది "ఏ" మోడ్, కొత్త ఫైల్‌కి ఎక్స్, డబ్ల్యూ మాత్రం పాతది పోయినా ఫర్లేదని నోటితో ఒకసారి అనుకున్నాకే. ఫోటోలు, జిప్‌లు రాయాలంటే మోడ్‌కి బి చేర్చల్ల, అప్పుడు ఎన్‌కోడింగ్ ఇయ్యకూడదు, ఇస్తే ఎర్రర్.

ఆ విత్ ఎందుకంటే, మనం రైట్ అన్నంత మాత్రాన అక్షరాలు వెంటనే డిస్క్ మీదికి పోవు. తోటలో కాయ కోసేవాళ్లు ఒక్కో కాయకీ ట్రాక్టర్ దగ్గరికి నడవరు కద, గంపలో వేసుకుంటా పోయి గంప నిండినాక ఒకేసారి పోస్తారు, పైథాన్ కూడా అట్లే మెమరీలో బఫర్ పెట్టుకొని అది నిండినప్పుడో, ఫైల్ క్లోజ్ చేసినప్పుడో రాస్తాది. శానా వెర్షన్లలో ఆ బఫర్ 8192 బైట్లు ఉంటాది, కొత్తవాటిలో ఇంకా పెద్దది. విత్ వాడితే ఆ బ్లాక్ నుంచి బయటికి రాగానే ఫైల్ క్లోజ్ అయితాది, మధ్యలో ఎర్రర్ వచ్చి బయటికి వచ్చినా సరే క్లోజ్ అయితాది. విత్ లేకుండా ఓపెన్ చేసి క్లోజ్ మర్చిపోతే, ప్రోగ్రాం నడుస్తాండంగనే ఎక్స్‌ప్లోరర్‌లో పోయి చూస్తే ఫైల్ ఖాళీగా కనపడి జనం బెదిరిపోతారు.

అయితే విత్ కూడా కరెంట్ పోయేదానికి మందు కాదు. ఎండాకాలంలో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే ఫైల్ తెరిచి పెట్టుకొని లైన్లు రాసుకుంటా పోతే, కరెంట్ పోయినప్పుడు బఫర్‌లో ఉండేవన్నీ పోతాయి. దీనికి రెండు దారులు. తేలికైనది ఏమంటే, ఒక్కో బండి తూకం అయినప్పుడల్లా "ఏ" మోడ్‌లో తెరిచి, ఒక లైన్ రాసి, మూసేయడం, రోజుకి కొన్ని వందల లైన్లకి ఇది ఏమాత్రం బరువు కాదు. రెండోది, ఫైల్ తెరిచే ఉంచి ప్రతి లైన్ తర్వాత ఎఫ్.ఫ్లష్() అనడం. ఫ్లష్ చేసినా, ఫైల్ మూసినా పైథాన్ చేతిలోనుంచి విండోస్ చేతికో లినక్స్ చేతికో పోతాది, అది కూడా కాసేపు తన దగ్గర పెట్టుకుంటాది, కాబట్టి కచ్చితంగా డిస్క్ మీదే పడల్ల అంటే ఫ్లష్ తర్వాత ఓఎస్.ఎఫ్‌సింక్(ఎఫ్.ఫైల్‌నో()) అని కూడా అనల్ల. ఎఫ్‌సింక్ నిదానం, లక్ష లైన్లకి లక్ష సార్లు అనొద్దు, డబ్బుల లెక్క ఉన్నచోట అనండి.

ఇంక ఎన్‌కోడింగ్. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే ఇంగ్లీష్‌లో రాసిన ట్యుటోరియల్స్‌లో దీన్ని ఒక లైన్‌లో తేల్చేస్తారు, వాళ్లకి ఆ అవసరం రాదు, మనకి రోజూ వస్తాది. డిస్క్ మీద ఉండేది అక్షరాలు కాదు, బైట్లు. "చీనీ" అని రాస్తే పైథాన్‌కి అది నాలుగు క్యారెక్టర్లు, చ, గుడిదీర్ఘం, న, గుడిదీర్ఘం, లెన్ అడిగితే 4 అంటాది. యూటీఎఫ్-8 లో మన తెలుగు క్యారెక్టర్ ఒక్కోటి మూడు బైట్లు, అంటే ఫైల్‌లో 12 బైట్లు. "అనంతపురం" అయితే 8 క్యారెక్టర్లు, 24 బైట్లు. ఇది తెలిస్తే ఫైల్ సైజ్ చూసి ఎందుకింత పెద్దదుందని కంగారు పడరు.

ఇప్పుడు ఓపెన్‌లో ఎన్‌కోడింగ్ చెప్పలేదు అనుకోండి. లినక్స్‌లో, మ్యాక్‌లో మామూలుగా యూటీఎఫ్-8 యే తీసుకుంటాది కాబట్టి అంతా బాగానే నడుస్తాది. విండోస్‌లో మాత్రం 3.14 వెర్షన్ దాకా ఆ కంప్యూటర్ లొకేల్‌ని (భాష, ప్రాంతం సెట్టింగ్) బట్టి తీసుకుంటాది, శానా కంప్యూటర్లలో అది సీపీ1252 అనే ఎన్‌కోడింగ్, అందులో తెలుగు అక్షరం ఒక్కటి కూడా లేదు. అప్పుడు వచ్చేదే ఆ యూనికోడ్ ఎన్‌కోడ్ ఎర్రర్, చార్‌మ్యాప్ కోడెక్ ఎన్‌కోడ్ చేయలేకపోయింది అనే ఎర్ర లైను. కాలేజీ ల్యాబ్‌లో లినక్స్ మీద బ్రహ్మాండంగా నడిచిన కోడ్ ఊర్లో మండీ కంప్యూటర్ మీద పడిపోయేది ఇందుకే. ఇంకా ఘోరం ఏమంటే మోడ్ డబ్ల్యూ అయింటే, పైన చెప్పినట్టు ఓపెన్ దగ్గరే పాతది తుడిచేసింటాది, ఆ తర్వాత తెలుగు అక్షరం దగ్గర ఎర్రర్ వస్తాది, రెండూ పోతాయి. పైథాన్ వాళ్లు పెప్ 686 అనే మార్పు ప్రతిపాదనలో 3.15 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా యూటీఎఫ్-8 యే అని తేల్చినారు, మంచి పని, కానీ మన ఊర్లల్లో ఉండే కంప్యూటర్లలో పాత పైథాన్లు ఇంకా ఏళ్ల తరబడి ఉంటాయి కాబట్టి ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8" అని ప్రతి ఓపెన్‌లో చెయ్యి తిరిగేదాకా రాయండి. చదివేటప్పుడు కూడా అదే చెప్పల్ల, రాసేటప్పుడు ఒకటి, చదివేటప్పుడు ఒకటి అయితే తెలుగు బదులు à°, à± అని చెత్త కనపడుతుంది.

డీటీపీ షాపుల్లో అను ఫాంట్లతో కొట్టిన మ్యాటర్ తెచ్చి దీంట్లో పెట్టి, యూటీఎఫ్-8 ఇచ్చినా తెలుగు రాలేదు అని అడిగేవాళ్లు ఉంటారు. అది యూనికోడ్ కాదు నాయనా, లోపల ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తులే ఉంటాయి, ఫాంట్ వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే ఫైల్‌కి రాయల్ల.

ఇప్పుడు సీఎస్‌వీ, అంటే విలువల్ని కామాలతో విడదీసి లైన్‌కి ఒక వరస చొప్పున రాసే ఫైల్. లెక్క కాబట్టి ఎట్లయినా చివరికి ఎక్సెల్‌లో తెరుస్తారు. ఊరు, కామా, తూకం, కామా, రేటు అని మనమే చేత్తో అతికించి రాయొచ్చు కద అనిపిస్తాది, మొదటి వారం బాగానే ఉంటాది, ఆ తర్వాత గమనికలో ఎవరో "పచ్చికాయ ఎక్కువ, రెండో రకం" అని రాస్తారు, ఆ కామాతో ఒక కాలమ్ ఎక్కువైపోయి లైనంతా పక్కకి జరుగుతుంది. పైథాన్‌తోపాటే సీఎస్‌వీ అనే మాడ్యూల్ వస్తాది, విడిగా ఇన్‌స్టాల్ చేసే పని లేదు, అది ఇట్లాంటివాటికి కొటేషన్లు తనే పెట్టుకుంటాది.

ఇంపోర్ట్ సీఎస్‌వీ
విత్ ఓపెన్("చీనీ.సీఎస్‌వీ", "ఏ", ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8-సిగ్", న్యూలైన్="") యాజ్ ఎఫ్:
    డబ్ల్యూ = సీఎస్‌వీ.రైటర్(ఎఫ్)
    ఇఫ్ ఎఫ్.టెల్() == 0:
        డబ్ల్యూ.రైట్‌రో(["తేదీ", "ఊరు", "కిలోలు", "సూటు", "రేటు", "గమనిక"])
    డబ్ల్యూ.రైట్‌రో(["2025-07-14", "పుట్లూరు", 4200, 420, 18000, "పచ్చికాయ ఎక్కువ, రెండో రకం"])

ఇందులో మూడు సంగతులు ఉండాయి. న్యూలైన్="" ఇయ్యకపోతే విండోస్‌లో ప్రతి లైన్ తర్వాత ఒక ఖాళీ లైన్ వస్తాది, ఎందుకంటే సీఎస్‌వీ మాడ్యూల్ లైన్ చివర తన గుర్తు తాను పెడుతుంది, దాని మీద విండోస్ కోసం పైథాన్ ఇంకొకటి చేరుస్తాది. రెండోది ఆ సిగ్. మామూలు యూటీఎఫ్-8 సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేసి తెరిస్తే ఎక్సెల్ దాన్ని యూటీఎఫ్-8 అని గుర్తుపట్టకుండా చెత్త చూపిస్తాది శానాసార్లు, సిగ్ అంటే ఫైల్ మొదట్లో మూడు బైట్ల గుర్తు పెడుతుంది, దాన్ని చూసి ఎక్సెల్ తెలుగుని సరిగ్గా చూపిస్తాది. అపెండ్ చేసిన ప్రతిసారీ ఆ గుర్తు మళ్లీ పడుతుందేమో అని భయం వద్దు, ఫైల్ ఖాళీగా ఉంటేనే పడుతుంది. కానీ అదే ఫైల్‌ని మీరు వట్టి యూటీఎఫ్-8 అని చెప్పి చదివితే మొదటి కాలమ్ పేరు ముందర కంటికి కనపడని ఒక క్యారెక్టర్ అతుక్కొని వస్తాది, "తేదీ" అని వెతికితే కీ ఎర్రర్ వస్తాది, స్క్రీన్ మీద చూస్తే పేరు సరిగ్గానే కనపడుతుంది, గంటలు గంటలు తల పట్టుకుంటారు. సిగ్‌తో రాసింది సిగ్‌తోనే చదవండి. మూడోది ఆ ఎఫ్.టెల్(), అపెండ్‌లో తెరిచినప్పుడు ఫైల్ చివర ఎంత దూరంలో ఉందో చెప్తాది, సున్నా అయితే ఫైల్ కొత్తది, అప్పుడే హెడింగ్ లైన్ రాయల్ల.

తేదీని 14-07-2025 అని కాకుండా 2025-07-14 అని, అలవాటు లేకున్నా పట్టుబట్టి రాయండి, అక్షరాల వరసలో పేర్చినా తేదీల వరసే వస్తాది.

సెట్టింగ్‌లు, లోపల లోపల పెట్టెలుండే డేటా అయితే జేసన్ అనే ఫైల్ పద్ధతి బాగుంటాది. జేసన్.డంప్(డేటా, ఎఫ్) అంటే చాలు, కానీ తెలుగు ఉంటే ఎన్‌ష్యూర్_ఆస్కీ=ఫాల్స్ అని తప్పక ఇయ్యండి, లేకపోతే "చీనీ" బదులు \యు0సి1ఎ\యు0సి40\యు0సి28\యు0సి40 అని కోడ్‌లు పడతాయి. ప్రోగ్రాంతో చదివితే మళ్లీ తెలుగే వస్తాది, డేటా ఏం చెడదు, కానీ మనిషి తెరిచి చూస్తే చదవలేడు, తెలుగు ఉన్న మేర ఫైల్ కూడా రెట్టింపు అవుతుంది. ఇండెంట్=2 ఇస్తే వరసలుగా కనపడుతుంది. జేసన్‌కి అపెండ్ పనికిరాదు, చివర్లో ఇంకొకటి అతికిస్తే ఫైల్ మొత్తం చదవడానికి రాకుండా పోతాది, మొత్తం మళ్లీ రాయాల్సిందే. రోజూ చేర్చే లెక్క అయితే సీఎస్‌వీ, లేదా లైన్‌కి ఒక జేసన్ చొప్పున రాసుకోండి.

మొత్తం మళ్లీ రాయాల్సి వచ్చినప్పుడు నేరుగా అసలు ఫైల్‌ని డబ్ల్యూతో తెరవొద్దు. పక్కనే అదే ఫోల్డర్‌లో "చీనీ.టెంప్" అని కొత్త ఫైల్‌లో అంతా రాసి, ఫ్లష్ చేసి, ఎఫ్‌సింక్ చేసి, మూసేసినాక ఓఎస్.రీప్లేస్("చీనీ.టెంప్", "చీనీ.జేసన్") అనండి. మధ్యలో ఏం జరిగినా పాత ఫైలన్నా మొత్తం ఉంటాది, కొత్తదన్నా మొత్తం ఉంటాది, సగం సగం ఉండదు. ఓఎస్.రీనేమ్ వాడితే విండోస్‌లో ఆ పేరుతో ముందే ఫైల్ ఉందని ఎర్రర్ కొడుతుంది, అందుకే రీప్లేస్. టెంప్ ఫైల్ డీ డ్రైవ్‌లో, అసలుది సీ డ్రైవ్‌లో ఉంటే ఇది కుదరదు, ఒకే చోట పెట్టుకోండి.

ఫైల్ యాడ పడిందో దొరకలేదు అనేవాళ్ల కోసం: వట్టి పేరు ఇస్తే అది మీ కోడ్ ఉన్న ఫోల్డర్‌లో పడల్ల అని రూలేం లేదు, ప్రోగ్రాంని ఏ ఫోల్డర్‌లో నిలబడి నడిపినారో అక్కడ పడుతుంది. పాత్‌లిబ్ నుంచి పాత్ తెచ్చుకొని పాత్(__ఫైల్__).పేరెంట్ అని అంటే కోడ్ ఉన్న ఫోల్డర్ వస్తాది, దానికి స్లాష్ పెట్టి "లెక్కలు" అని చేర్చుకోండి, ఫోల్డర్ లేకపోతే ఎంకేడిర్(పేరెంట్స్=ట్రూ, ఎగ్జిస్ట్_ఓకే=ట్రూ) అది చేసి పెడుతుంది. ఓపెన్ మాత్రం ఫోల్డర్‌ని తయారు చేయదు. విండోస్ పాత్‌లో బ్యాక్‌స్లాష్ తర్వాత ఎన్ వచ్చినా, టి వచ్చినా పైథాన్ వాటిని కొత్త లైన్ అనో ట్యాబ్ అనో అనుకుంటాది, కొటేషన్ ముందర ఆర్ పెట్టండి, లేదా ముందుకి వంగిన స్లాష్ వాడండి, విండోస్‌లో కూడా అది నడుస్తాది.

ఇంక పర్మిషన్ ఎర్రర్ వస్తే నూటికి తొంభై సార్లు ఆ సీఎస్‌వీ ఎక్సెల్‌లో తెరిచి ఉంటాది, మూసేసి మళ్లీ నడపండి. తూకం దగ్గర కూర్చున్న మనిషికి ఈ ఇంగ్లీష్ ఎర్రర్ అర్థం కాదు, కాబట్టి ట్రై, ఎక్సెప్ట్ పర్మిషన్ ఎర్రర్ పెట్టి "అన్నా, ఎక్సెల్ మూసి మళ్లీ నొక్కు" అని తెలుగులో చూపియ్యండి. అయితే వట్టి ఎక్సెప్ట్, పాస్ అని మాత్రం పెట్టొద్దు. అది పెడితే ఎర్రర్ కనపడదు, లైన్ ఎక్కదు, ఎక్కలేదని ఎవరికీ తెలీదు, రైతు మళ్లీ వచ్చి అడిగినప్పుడు ఆయన బండి లెక్కే ఉండదు. ఇద్దరు ముగ్గురు ఒకేసారి ఒకే ఫైల్‌కి రాయాల్సి వస్తే ఇంక ఈ ఫైళ్లు వదిలిపెట్టి పైథాన్‌తోనే వచ్చే ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్‌కి పోండి, లాకింగ్ సంగతి అది చూసుకుంటాది.

రాసినాక సాయంత్రం ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి: అదే ఎన్‌కోడింగ్‌తో, న్యూలైన్="" తో ఫైల్‌ని ఆర్ (చదివే) మోడ్‌లో తెరిచి, సీఎస్‌వీ.డిక్ట్‌రీడర్‌తో చదివి, ఆ రోజు తేదీ ఉన్న లైన్లు ఎన్నో, కిలోల మొత్తం ఎంతో ప్రింట్ చేసి తూకం చీటీలతో సరిచూడండి. ఫైల్ నుంచి వచ్చే ప్రతిదీ స్ట్రింగే, 4200 కూడా స్ట్రింగే, ఇంట్‌తో అంకె చేసుకున్నాకే కలపండి, లేకపోతే సమ్ దగ్గర టైప్ ఎర్రర్ వస్తాది.